డిసెంబర్‌లో విరగబూసిన జెరేనియం ఏప్రిల్‌లో ఎందుకు మొండికేస్తుంది?

చలికాలం మొదలవగానే నర్సరీల ముందు వరసకి జెరేనియం కుండీలు కనబడతాయి. ఎరుపు, గులాబీ, తెలుపు గుత్తులు, గుండ్రటి ఆకులు. కొని తెచ్చుకున్నాక రెండు నెలలు కళకళలాడుతుంది. మార్చి దాటేసరికి గుత్తులు చిన్నవవుతాయి, ఏప్రిల్‌కి మొగ్గలే ఉండవు. ఆకులు మాత్రం వస్తూనే ఉంటాయి. అప్పుడు మిద్దెతోట గ్రూపుల్లో అడిగితే పది మంది పది మందులు చెబుతారు: బోన్‌మీల్ (ఎముకల పొడి) వేయండి, డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న రసాయన ఎరువు) నాలుగు గింజలు గుచ్చండి, అరటితొక్కల నీళ్లు పోయండి, నీళ్లు మాన్పించి ఎండబెట్టండి. ఒకరు ఎండలో పెట్టమంటే ఇంకొకరు నీడలో పెట్టమంటారు. ఈ సలహాల్లో చాలావాటికి ఏదో ఒక ఆధారం ఉంది. అయితే అవి వేరువేరు మొక్కలకి, వేరువేరు ఊళ్లకి, వేరువేరు నెలలకి చెందినవి.

పేరు ఒకటే, మొక్కలు నాలుగు

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. నర్సరీలో జెరేనియం అని అమ్మేది వృక్షశాస్త్రం లెక్కలో జెరేనియం కాదు, పెలార్గోనియం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ రెండింటినీ ఒకే గాటన కట్టాడు. 1789లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఎల్ ఎరిటియె వాటిని విడదీశాడు. అప్పటికే తోటమాలుల నోట పాత పేరు స్థిరపడిపోయింది, నేటికీ అదే నడుస్తోంది. అసలు జెరేనియంలు హిమాలయాల్లాంటి చల్లటి కొండల్లో పెరుగుతాయి. పెలార్గోనియంలలో ఎక్కువభాగం దక్షిణాఫ్రికావి. కుండీలో ఉన్న మొక్క కాడ కాస్త కండపట్టి ఉండటానికి, నీళ్లు ఆలస్యమైనా తట్టుకోవడానికి కారణం ఆ పుట్టిల్లే.

ఈ పెలార్గోనియంలలో మనకి దొరికేవి నాలుగు రకాలు. ఆకు మీద గోధుమరంగు వలయం ఉన్నది జోనల్. పూలకోసం అమ్మేవాటిలో ఎక్కువభాగం ఇదే. నున్నటి, మందపాటి, తీగలా వేలాడే ఆకులున్నది ఐవీ. అంచులు రంపంలా ఉండి, పెద్ద పూల మీద ముదురు మచ్చలున్నది రీగల్. ఆకు నలిపితే నిమ్మ వాసనో గులాబీ వాసనో వచ్చేది సుగంధ జెరేనియం. నూనె కోసం రైతులు ఎకరాల్లో వేసేదీ, నర్సరీల్లో ‘దోమల మొక్క’ అని అమ్మేదీ ఈ నాలుగోదే. దీన్ని పెంచేది ఆకు కోసం, పూలు చిన్నవి, కొద్దిపాటివి. ఊరికే కుండీ పెట్టినంత మాత్రాన దోమలు పోతాయన్నది కూడా పరీక్షలకి నిలబడలేదు. కాబట్టి దోమల మొక్క గుత్తులు గుత్తులుగా పూయలేదని బాధపడటంలో అర్థం లేదు, అది పూల మొక్క కాదు.

రీగల్ సంగతి ఇంకా వేరు. దానికి మొగ్గ పుట్టాలంటే చలి కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని వారాలపాటు నిలకడగా ఉండాలి, తర్వాత వెలుతురు పెరగాలి. ఊటీలో, కొడైకెనాల్లో ఇది ఏటా పూస్తుంది. హైదరాబాద్‌లో జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటాయి, మధ్యాహ్నాలు 28 దాటుతాయి. ఆ చలి చాలదు. కొన్నప్పుడు ఉన్న పూలు రాలాక రీగల్ మళ్లీ పూయకపోతే అది పెంచినవాళ్ల తప్పు కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా జోనల్ గురించి, కొంత ఐవీ గురించి.

చామంతీ ఇదీ ఒకే కాలంలో పూస్తాయి, కారణాలు మాత్రం వేరు

చలికాలంలో చామంతి పూస్తుంది, జెరేనియమూ పూస్తుంది. దాంతో రెండింటికీ ఒకే సూత్రం అనుకోవడం సహజం. చామంతి రాత్రి పొడవుని కొలుస్తుంది. రాత్రి పెరిగితేనే మొగ్గ కడుతుంది, వీధిదీపం కింద పెడితే తికమకపడి ఆలస్యం చేస్తుంది. జోనల్ జెరేనియంకి పగలు ఎంత పొడవన్న పట్టింపు లేదు. 11 గంటల డిసెంబర్ పగలైనా, 13 గంటల జూన్ పగలైనా దానికి ఒకటే. అది చూసేది రెండే: రోజు మొత్తం మీద ఎంత వెలుతురు అందింది, రాత్రి ఎంత చల్లగా ఉంది.

ఆకు పగలు వెలుతురుతో పిండిపదార్థం తయారుచేస్తుంది. రాత్రి ఊపిరి తీసుకుంటూ అందులో కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి వేడెక్కేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. మిగిలినదానితోనే కొత్త ఆకులు, వేళ్లు, మొగ్గలు. మిగులు తగ్గినప్పుడు మొక్క ముందుగా వదిలేసుకునేది మొగ్గనే. చిగురు మధ్యలో మిరియం గింజంత గుత్తి పుట్టి, అక్కడే గోధుమరంగుకి తిరిగి ఎండిపోయి, పక్కనుంచి మళ్లీ ఆకు వస్తుంటే జరుగుతున్నది ఇదే. చాలామంది ఆ ఎండిన గింజను చూడరు. ‘అసలు మొగ్గే వేయలేదు’ అంటారు. నిజానికి వేసింది, పోషించలేక వదిలేసింది. ఈ తేడా తెలిస్తే సగం సలహాలు వాటంతటవే పక్కకి పోతాయి.

వెలుతురు ఎంతో చేత్తో లెక్కేయొచ్చు

‘బాగా వెలుతురు వచ్చే చోటు’ అన్న మాట కంటిని నమ్ముకుని అనేది. మన కన్ను ఎంతటి తేడాకైనా సర్దుకుపోతుంది, మొక్కకి ఆ సౌలభ్యం లేదు. పూల పెంపకందారులు ఒక రోజులో ఆకు మీద పడే వెలుతురు మొత్తాన్ని మోల్ అనే కొలతలో లెక్కిస్తారు. జోనల్‌కి రోజుకి 10 నుంచి 12 మోల్‌లు ఉంటే ఒక మోస్తరుగా పూస్తుంది, 15 నుంచి 20 అయితే నిండుగా పూస్తుంది. 5 కంటే తగ్గితే ఆకులే.

ఫోన్‌లో లక్స్ (వెలుతురు తీవ్రతకి కొలత) కొలిచే ఆప్ ఉంటే సూర్యకాంతికి ఒక సులువైన లెక్క ఉంది: లక్స్‌ని గంటలతో హెచ్చించి 15,000తో భాగిస్తే సుమారు మోల్‌లు వస్తాయి. ఫోన్ కొలత అంత కచ్చితం కాదు కానీ ఒక చోటుకీ ఇంకో చోటుకీ ఉన్న తేడా చూడటానికి సరిపోతుంది.

హాల్లో కిటికీకి ఆరడుగుల దూరంలో ఉన్న కుండీ చూడండి. 1,000 లక్స్, 10 గంటలు. మొత్తం 10,000, భాగిస్తే 0.7 మోల్. గది వెలుగుతున్నట్టే ఉంటుంది, మొక్క మాత్రం పస్తులుంటుంది.

తూర్పు బాల్కనీలో పిట్టగోడ మీద కుండీ. పొద్దున మూడు గంటలు నేరుగా ఎండ, సగటున 40,000 లక్స్. అది 1,20,000. ఆ తర్వాత ఎనిమిది గంటలు నీడ వెలుతురు, 6,000 లక్స్ చొప్పున 48,000. కలిపితే 1,68,000, అంటే 11.2 మోల్‌లు. ఫర్వాలేదు, పూస్తుంది. అదే కుండీని పిట్టగోడ కింద నేలమీద పెడితే నేరుటెండ మూడు గంటల నుంచి గంటకి పడిపోవచ్చు. అప్పుడు 40,000, దానికి పది గంటల నీడ వెలుతురు 60,000. మొత్తం 6.7 మోల్‌లు. బాల్కనీ అదే, మొక్క అదే, మూడడుగుల ఎత్తు తేడా, పూలు సగమైపోతాయి. ఎరువు మార్చే ముందు కుండీ ఎత్తు మార్చి చూడటం ఎందుకు మేలో ఈ అంకెలే చెబుతాయి.

ఏప్రిల్‌లో డాబా మీద నీడే లేని చోట సగటున 65,000 లక్స్, పది గంటలు అనుకుంటే 43 మోల్‌లు. కావలసినదానికి రెండింతలు. మరి వెలుతురు ఇంత ఉండగా పూలెందుకు లేవు?

అసలు చిక్కు రాత్రి వేడిది

జోనల్‌కి హాయి అనిపించే పగలు 18 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 13 నుంచి 18. పగలు 30 దాటుతుంటే మొగ్గలు తగ్గుతాయి, పూల సైజు చిన్నదవుతుంది, ఎరుపు వెలిసిపోతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు ఈ కొలతకి సరిపోతాయి, పగళ్లు మాత్రం కాస్త ఎక్కువ. ఏప్రిల్‌కి వచ్చేసరికి రాత్రులే 24 డిగ్రీల దగ్గరుంటాయి. మేలో విజయవాడ రాత్రి 28 దాకా ఉంటుంది. విశాఖలో ఎండ తీవ్రత కాస్త తక్కువైనా రాత్రులు చల్లబడవు, పైగా సముద్రపు తేమ. అక్కడ జెరేనియం కాలం హైదరాబాద్‌లో కంటే పొట్టిది. బెంగళూరులో ఉన్న మనవాళ్ల బాల్కనీల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు పూయడానికి ఎరువు రహస్యం ఏమీ లేదు, రాత్రులు చల్లగా ఉంటాయి, అంతే. డాలస్‌లో, హ్యూస్టన్‌లో పెంచేవాళ్లకి జూలై, ఆగస్టుల్లో మన ఏప్రిల్ సమస్యే ఎదురవుతుంది. న్యూజెర్సీలో తిరగబడుతుంది: వేసవంతా బయట పూసిన మొక్క, చలికి లోపలికి తెచ్చాక కిటికీ వెలుతురు చాలక ఆగుతుంది.

మిద్దె మీద ఇంకో భారం ఉంది. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. నల్లటి గ్రోబ్యాగ్ నేరుగా శ్లాబు మీద ఉంటే పక్కల మట్టి 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వైపు వేళ్ల చివర్లు మాడిపోతాయి. మట్టికుండీ గోడలోంచి చెమ్మ ఆరుతూ చల్లబడుతుంది. అదే మొక్కని మట్టికుండీలో, ఇటుకల మీద ఎత్తి పెడితే ఒకటి రెండు వారాలు అదనంగా పూయడం అందుకే.

ఎండా, నీడా: ఇద్దరి మాటా నిజమే

‘జెరేనియంకి పూర్తి ఎండ కావాలి’ అన్న మాట ఎక్కువగా ఐరోపా, ఉత్తర అమెరికా తోటపని పుస్తకాల నుంచి వచ్చింది. అక్కడి వేసవికి అది సరైన మాటే. ‘సగం నీడలో పెట్టండి’ అనేవాళ్లు మన ఏప్రిల్‌ని చూసి చెబుతున్నారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర కూడా నేరుటెండ ఎంతుంటే అంత మంచిది. మార్చి రెండోవారం నుంచి 50 శాతం షేడ్‌నెట్ కింద పెడితే, పై లెక్కలోని 43 మోల్‌లు 21కి దిగుతాయి. వెలుతురు ఇంకా నిండుగానే ఉంది, ఆకు వేడి మాత్రం తగ్గింది. అందుకే షేడ్‌నెట్ కిందికి మార్చినంత మాత్రాన పూలు పోవు. 75 శాతం నెట్ వేస్తే తగ్గుతాయి, పోయేది వేడికి భయపడి మొక్కని గదిలోకి తెచ్చినప్పుడు. షేడ్‌నెట్ రాత్రి వేడిని తగ్గించలేదన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి మేలో దాని పని మొక్కని బతికించడం, పూయించడం కాదు. ఏప్రిల్, మే నెలల్లో పూలు ఆశించకుండా, ఎరువు దాదాపు ఆపేసి, మొక్కని కాపాడుకోవడమే తెలివైన లెక్క అని నా అభిప్రాయం. వేసవిలో బలవంతంగా మేపిన మొక్కలే వానలు రాగానే అన్నిటికంటే ముందు కుళ్లిపోతాయి.

ఎరువు: తక్కువకి ఉపవాసం, ఎక్కువకి ఆకు

మిద్దెతోటలో వర్మీకంపోస్ట్ ధారాళంగా వాడతాం. కూరగాయలకి అది మంచిదే. ఎనిమిది అంగుళాల కుండీలో కిలో వర్మీకంపోస్ట్ కలిపితే, ఒకటిన్నర శాతం లెక్కన 15 గ్రాముల నత్రజని. అదంతా ఒక్కసారే విడుదల కాదు కానీ నెలల తరబడి అందుతూ ఉంటుంది. ఇంకోవైపు, నీళ్లలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం) ఎరువుని లీటరుకి ఒక గ్రాము కలిపితే లీటరులో 190 మిల్లీగ్రాముల నత్రజని. వారానికి అర లీటరు చొప్పున 12 వారాలు పోస్తే మొత్తం 1.1 గ్రాములు. జెరేనియం పూయడానికి ఈ పాటి సరిపోతుంది. అరచేయంత మెత్తటి ముదురాకుపచ్చ ఆకులు, కణుపుల మధ్య ఎడం, పూలు లేవు. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే తిండి ఎక్కువైందని చెప్పొచ్చు. వెలుతురు తక్కువైనా కణుపులు ఎడమవుతాయి. అయితే అప్పుడు ఆకు పలచగా, రంగు తేలికగా ఉంటుంది, కాడ వెలుతురు వైపు వంగుతుంది.

భాస్వరం వేస్తే పూలొస్తాయన్న నమ్మకం గట్టిది. డీఏపీ, బోన్‌మీల్ సలహాలకి మూలం అదే. మట్టిలో భాస్వరం నిజంగా లోపిస్తే మొక్క గిడసబారుతుంది, కింది ఆకులు ఎర్రబారతాయి, పూలు తగ్గుతాయి. అప్పుడు వేస్తే ఫలితం కనిపిస్తుంది. ఆ అనుభవమే సలహాగా మారింది. కానీ ఎరువు పడుతున్న కుండీలో భాస్వరం కొరత అరుదు. అమెరికా గ్రీన్‌హౌస్‌లలో పూలమొక్కలకి వాడే 15:5:15 మిశ్రమంలో భాస్వరం నత్రజనిలో మూడోవంతే. ఎక్కువైన భాస్వరం ఇనుమునీ జింకునీ అందకుండా చేసి కొత్త చిగుళ్లని పాలిపోయేలా చేస్తుంది. డీఏపీలో నత్రజని 18 శాతం ఉందన్నది కూడా చాలామంది మరిచిపోతారు. అరటితొక్కల నీళ్లలో కాస్త పొటాష్ ఉంటుంది. దానితో నష్టమూ లేదు, అద్భుతమూ లేదు.

బోరునీళ్లు చేసే నిశ్శబ్దపు హాని

జోనల్‌కి మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం) 6.0 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటుంది. 5.8 కంటే దిగితే ఇనుము, మాంగనీసు అతిగా లాక్కుని కింది ఆకుల మీద తుప్పు చుక్కలు వేసుకుంటుంది. పీట్ (చిత్తడి నేలల్లో పోగుపడిన నాచు, ఆమ్లగుణం ఉన్నది) ఎక్కువ వాడే విదేశీ కుండీల్లో ఈ సమస్య వస్తుంది. తెలంగాణ, రాయలసీమ బోర్ల కింద ఎక్కువగా దీనికి తలకిందుల పరిస్థితి. నీళ్లలోని బైకార్బొనేట్లు అనే లవణాలు ప్రతి తడికీ పీహెచ్‌ని కొంచెం కొంచెం పైకి నెడతాయి. ఆరునెలల్లో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇనుము మట్టిలో ఉంది, మొక్కకి అందడం లేదు. పసుపు చూసి యూరియా వేస్తే సమస్య అలాగే ఉంటుంది. ఇనుము చీలేట్ (ఇనుముని పట్టి ఉంచి మొక్కకి అందించే మందు) వేసేటప్పుడు కూడా రకం చూడాలి: ఈడీటీఏ రకం పీహెచ్ 7 దగ్గర పట్టు వదిలేస్తుంది, ఈడీడీహెచ్‌ఏ రకం నిలబడుతుంది. వాననీళ్లు పట్టి పోయగలిగితే అంతకన్నా తేలిక మార్గం లేదు.

నీళ్లు మాన్పిస్తే పూస్తుందన్న మాట కాగితంపూల మొక్క నుంచి అరువు తెచ్చుకున్నది. కాగితంపూలు ఎండబెడితే నిజంగానే విరగబూస్తాయి. జెరేనియంని కొంచెం ఎండనిస్తే పొట్టిగా, గుబురుగా ఉంటుంది, అంతవరకే లాభం. ఆకులు వాడి వేలాడేదాకా వదిలేస్తే పుడుతున్న మొగ్గలే ముందు ఎండుతాయి. పై అంగుళం మట్టి ఆరాక, కింద రంధ్రంలోంచి కారేదాకా పోయడం మధ్యేమార్గం. రోజూ కాస్త కాస్త చల్లే అలవాటుతో పైమట్టి తడిగా, అడుగు ఊపిరాడకుండా ఉంటుంది. మట్టి దగ్గర కాడ మొదలు నల్లబడి మెత్తబడితే అది వేరుకుళ్లు పైకెక్కినట్టు, ఆ మొక్క తిరిగి రాదు.

ఇరుకు కుండీలో ఎక్కువ పూస్తుందన్న మాటలోనూ సగం నిజముంది. ఇరుకుకుండీ నీళ్లనీ నత్రజనినీ తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఆకు అదుపులో ఉంటుంది. చిన్న మొక్కని పన్నెండంగుళాల కుండీలో పెడితే వేళ్లు చేరని మట్టి తడిసే ఉండి కుళ్లు మొదలవుతుంది. కానీ వేళ్లు చుట్టలు చుట్టుకుని రోజుకి రెండుసార్లు వాడే కుండీలో పూలు పెరగవు, తగ్గుతాయి. ఏడాది మొక్కకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు సరిపోతాయి.

గుత్తి ముగిశాక ఎక్కడ విరవాలి

లేత గుత్తి మొదట తల వంచుకుని ఉంటుంది. మొగ్గలన్నీ కిందికి చూస్తుంటాయి. కాడ పొడుగై, మొగ్గలు ఒక్కొక్కటే పైకి లేచి విచ్చుకుంటాయి. చల్లటి రోజుల్లో మొగ్గ కంటికి కనపడ్డాక మొదటి పువ్వు విచ్చడానికి సుమారు నాలుగు వారాలు. గుత్తిలో సగానికి పైగా వాడినప్పుడు రేకులు మాత్రం దులిపేస్తే విత్తనం కట్టే పని ఆగదు, మిగులు అటు పోతుంది. పూలకాడ మొదలు, అంటే అది లావు కొమ్మని కలిసే చోట, చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కడ బొటనవేలు ఆనించి పక్కకి వంచితే టక్కుమని తెగుతుంది, కత్తెర అవసరం లేదు. మధ్యలో కత్తిరిస్తే మిగిలిన ముక్క వానాకాలంలో బూజుపట్టి కొమ్మలోకి కుళ్లు దింపుతుంది. మొగ్గ పక్కన చిన్న రంధ్రం, కింది ఆకు మీద నల్లటి రెట్టలు ఉంటే ఎరువునీ ఎండనీ అనుమానించక్కర్లేదు, గొంగళిపురుగుని వెతకాలి.

సంక్రాంతికి నిండుగా పూయాలంటే వెనక్కి లెక్కేయాలి. కొమ్మలు సగానికి కత్తిరించాక కొత్త చిగురుకి మూడు వారాలు, మొగ్గ కనపడటానికి ఇంకో నాలుగైదు, విచ్చడానికి నాలుగు. మొత్తం సుమారు 12 వారాలు. జనవరి 14 నుంచి వెనక్కి వెళితే అక్టోబర్ మూడోవారం. నవంబర్ చివర్లో కత్తిరించిన మొక్క ఫిబ్రవరి చివర్లో పూతకొస్తుంది, అప్పటికి చల్లటి రాత్రులు అయిపోవస్తాయి.

రేకులు ఒక్కసారే రాలిపోతే

పూసిన గుత్తి పొద్దున బాగుండి సాయంత్రానికి రేకులన్నీ కుప్పగా నేలమీద పడితే అది రోగం కాదు. పళ్లు మగ్గేటప్పుడు వెలువడే ఎథిలీన్ అనే వాయువుకి జోనల్ పువ్వు చాలా తొందరగా లొంగుతుంది. పరాగం (పుప్పొడి) కీలాగ్రం, అంటే దాన్ని అందుకునే పువ్వు కొస, మీద పడగానే పువ్వే ఎథిలీన్ విడుదల చేసి ఒకటి రెండు గంటల్లో రేకులు వదిలేస్తుంది. బయట నుంచి వచ్చే ఎథిలీన్‌తోనూ ఇదే జరుగుతుంది. పండగకని పూలకుండీని లోపలికి తెచ్చి, మగ్గిన అరటిపళ్ల గెల పక్కన బల్లమీద పెడితే రాత్రికి రాత్రే మొండికాడలు మిగులుతాయి. ముద్దపూల రకాల్లో కేసరాల్లో చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి కాబట్టి పరాగసంపర్కం తక్కువ, గుత్తి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒంటిరేకు రకాలకి తేనెటీగ ఒక్కసారి వచ్చి వెళ్లడమే చాలు.